మాటల పుట్టిల్లు: ఒక క్రియ, మూడు వంశాలు



ఇంగ్లీషు నేర్చుకునే ప్రతి పిల్లవాడూ మొదటి ఏడాదిలోనే ఒక చిక్కులో పడతాడు. ‘వాక్’ అనే క్రియ ఉన్నది గదా, నడవటమని దాని అర్థం. వాక్స్, వాక్డ్, వాకింగ్ అని దాన్ని ఎన్ని విధాల మార్చినా లోపల ‘వాక్’ కనిపిస్తూనే ఉంటుంది. ‘ప్లే’ అంతే, ‘కుక్’ అంతే. ఒక్క సూత్రం తెలిస్తే వంద క్రియలు వచ్చినట్టే.

తీరా అందరూ అన్నిటికంటె ఎక్కువగా వాడే క్రియ దగ్గరకు వచ్చేసరికి ఆ సూత్రం పనిచేయదు. దాని అసలు పేరు ‘బీ’. కాని ‘ఐ బీ’ అనకూడదు, ‘ఐ యామ్’ అనాలి. ‘హి’ అయితే ‘ఈజ్’, ‘వి’ అయితే ‘ఆర్’. నిన్నటి సంగతి చెప్పాలంటే ‘వాజ్’, ‘వర్’. ఇవిగాక ‘బీయింగ్’, ‘బీన్’ ఉన్నవి. మొత్తం ఎనిమిది రూపాలు. యామ్‌కూ వాజ్‌కూ పోలిక లేదు. వాజ్‌కూ బీకీ పోలిక లేదు.

“ఎందుకండీ ఇలా?” అని అడిగితే, “అది అంతే, బట్టీపట్టు” అనే జవాబు వస్తుంది. బట్టీపట్టడంలో తప్పులేదు, ఎక్కాలు బట్టీపట్టకుండా ఎవరికీ లెక్కలు రాలేదు. కాని “అది అంతే” అన్న మాట మాత్రం నిజం కాదు. దానికి కారణం ఉన్నది. ఆ కారణం తెలుసుకుంటే, మీరు రోజూ వాడే తెలుగు మాటలు కొన్ని ఆ ఇంగ్లీషు క్రియకు బంధువులని కూడా తెలుస్తుంది.

సంగతి ఇది: ‘బీ’ అనేది ఒక క్రియ కాదు. మూడు వేరువేరు పాత క్రియలు, మూడు కుటుంబాలవాళ్ళు ఒక ఇంట్లో చేరి కాపురమున్నట్టు, ఒకచోట కలిసిపోయినవి. ఒక్కొక్క కుటుంబం తనతో కొన్ని సామాన్లు తెచ్చుకున్నది. ఇప్పుడు అందరికీ వంట ఒకటే, వాకిలి ఒకటే. కాని ఏ బిందె ఎవరిదో పోల్చవచ్చు. పోల్చుదాం రండి.

మొదటి కుటుంబం: ‘అస్’

సంస్కృతం చదివేవారు మొదట్లోనే నేర్చుకునే రూపాలు ఇవి: ‘అస్మి’ అంటే ‘నేను ఉన్నాను’, ‘అసి’ అంటే ‘నీవు ఉన్నావు’, ‘అస్తి’ అంటే ‘అతడు ఉన్నాడు’, ‘సంతి’ అంటే ‘వారు ఉన్నారు’. వీటి ధాతువు ‘అస్’.

‘అస్తి’ పక్కన లాటిను భాషలోని ‘ఎస్ట్’ పెట్టండి. దాని పక్కన గ్రీకు ‘ఎస్తి’, జర్మను ‘ఇస్ట్’ పెట్టండి. చివర ఇంగ్లీషు ‘ఈజ్’ పెట్టండి. అన్నిటికీ అర్థం ఒకటే. ‘ఈజ్’ అనే మాట ‘అస్తి’కి వరసకు తోబుట్టువు!

‘యామ్’ కూడా ఈ ఇంటిదే. ‘అస్మి’లో ‘మి’ అనేది ‘నేను’ అని చెప్పే తోక. వెయ్యేళ్ళనాటి ఇంగ్లీషులో యామ్‌ను దాదాపు ‘ఎఓమ్’ అనేవారు. నడుమ ఉండిన ‘స’కారం అప్పటికే అరిగిపోయింది. చివరి ‘మ్’ మాత్రం నిలిచింది. ఇవాళ్టి ఇంగ్లీషు భాషలో వేలకొద్దీ క్రియలున్నా, ‘నేను’ అని సూచించే ఆ పాత ‘మ్’ మిగిలి ఉన్నది ఈ ఒక్క మాటలోనే. ‘ఐ యామ్’ అన్నప్పుడల్లా మీరు వేల ఏళ్ళనాటి ఒక వస్తువును చేతపట్టుకున్నట్టే లెక్క.

‘ఆర్’ కూడా ఈ ధాతువునుంచి వచ్చినదే. అయితే అది ఉత్తరపు ఇంగ్లండువారి మాట. దక్షిణాన చాలాకాలం ‘వి బీ’ అన్నట్టుగానే అనేవారు. ‘ఆర్’ మెల్లగా దిగి వచ్చి లండనులో స్థిరపడింది. నైరుతి ఇంగ్లండు పల్లెల్లో ‘ఐ బీ’ అనటం ఆ తరవాత కూడా చాలాకాలం నిలిచింది. మీ పుస్తకంలో ఎర్రసిరా పడే మాటే ఒకప్పుడు అక్కడి పల్లెటూళ్ళలో వాడుకమాట!

ఈ ‘అస్’ మన ఇళ్ళలోనూ ఉన్నది. ‘న’, ‘అస్తి’ కలిస్తే ‘నాస్తి’. ఏమీ లేదని అర్థం. దేవుడు ఉన్నాడనేవాడు ఆస్తికుడు, లేడనేవాడు నాస్తికుడు. మీ తాతగారు కష్టపడి సంపాదించిన ‘ఆస్తి’ కూడా ‘ఉన్నది’ అన్న మాటే. ఉన్నదానిని ‘సత్’ అంటారు. దానినుంచే ‘సత్యం’ వచ్చింది. విచిత్రమేమంటే, ‘సత్’ అనే మాటకు ఇంగ్లీషులో చుట్టం ‘సూత్’. ఇప్పుడది పాతబడిపోయిన మాట. దాని అర్థమూ సత్యమే.

రెండవ కుటుంబం: ‘వస్’

‘వాజ్’, ‘వర్’ అనేవి రెండవ కుటుంబానివి. పాత ఇంగ్లీషులో ‘వెసన్’ అనే క్రియ ఉండేది. దానికి ఉండటం, నిలిచి ఉండటం అని అర్థం. సంస్కృతంలో దీనికి చుట్టమైన ధాతువు ‘వస్’, నివసించటమని అర్థం.

‘వస్’నుంచి వచ్చిన మాటలు మనకు కొల్లలు: వాసం, నివాసం, వనవాసం, ప్రవాసం. పైఊళ్ళ పిల్లలు చదువుకునేందుకు ఉండే వసతి గృహంలోని ‘వసతి’ కూడా ఇదే. ‘హి వాజ్’ అనేటప్పుడు ‘అతడు ఒకచోట వసించాడు’ అన్న పాత అర్థం అడుగున ఉన్నదన్నమాట.

‘వాజ్’లోని ‘స’ ధ్వని ‘వర్’లో ‘ర’ ఎందుకైందని మీలో తెలివైనవారు అడగవచ్చు. పాతకాలంలో మాటలో ఊనిక ఏ అక్షరంమీద పడేదో, దానినిబట్టి కొన్ని రూపాలలో ‘స’ మెత్తబడి చివరకు ‘ర’ అయింది. ఆ రహస్యం కనిపెట్టినవాడు డెన్మార్కు దేశపు పండితుడు కార్ల్ వెర్నర్. ఇది పెద్ద తరగతుల పాఠం. ఇక్కడికి ఇది చాలు.

మూడవ కుటుంబం: ‘భూ’

‘బీ’, ‘బీయింగ్’, ‘బీన్’ మూడవ కుటుంబానివి. సంస్కృతంలో వీటి చుట్టం ‘భూ’ ధాతువు. ‘భవతి’ అంటే ‘అవుతున్నది’, ‘కలుగుతున్నది’ అని అర్థం. ఈ కుటుంబం తెచ్చిన భావం ‘ఉండటం’ కాదు, ‘అవటం’.

అందుకే పాత ఇంగ్లీషులో ‘బీ’ రూపాలను ముఖ్యంగా రెండు సందర్భాలలో వాడేవారు. ఇకముందు జరగబోయేది చెప్పటానికి వాడేవారు; ఎప్పటికీ నిజమై ఉండే సంగతి చెప్పటానికి వాడేవారు. ఇప్పుడు మన మాటలు చూడండి: రాబోయే కాలాన్ని మనం ఏమంటాం? ‘భవిష్యత్తు’. అది ‘భూ’ ధాతువునుంచి వచ్చిన మాటే. ‘విల్ బీ’ అని ఇంగ్లీషువారు ఏ మాటతో భవిష్యత్తు చెబుతారో, దాని చుట్టంతోనే మనమూ భవిష్యత్తు చెబుతున్నాం. జరిగిపోయిన కాలం ‘భూతకాలం’. అదీ ‘భూ’లోదే. భవనం, భావం, స్వభావం, అనుభవం అన్నీ ఈ ఇంటి పిల్లలే.

ఇది ఇంగ్లీషు భాషలోనే జరిగిన వింత అనుకోకండి. సంస్కృతంలోనూ ‘అస్’ ధాతువుకు సొంతంగా భవిష్యత్కాల రూపం వాడుకలో లేదు. ‘ఉన్నాడు’ అనటానికి ‘అస్తి’ అంటారు. ‘ఉంటాడు’ అనవలసివస్తే ‘భవిష్యతి’ అని ‘భూ’ దగ్గర అరువు తెచ్చుకుంటారు. సుమారు రెండువేల నాలుగువందల ఏళ్ళక్రితం పాణిని మహర్షి దీన్ని గమనించి, కొన్నిచోట్ల ‘అస్’ స్థానంలో ‘భూ’ వస్తుందని తన వ్యాకరణంలో ఒక సూత్రమే చేశాడు. ఇంగ్లీషు బళ్ళో మీకు ఎదురైన చిక్కే పాణినికీ ఎదురైంది. ఆయన “అది అంతే” అని ఊరుకోలేదు. పరిశీలించి సూత్రం రాశాడు.

ఇవి చుట్టాలని ఎలా తెలుసు?

1783లో విలియం జోన్స్ అనే ఆయన కలకత్తా సుప్రీంకోర్టుకు జడ్జిగా వచ్చాడు. గ్రీకు, లాటిను బాగా వచ్చినవాడు. ఇక్కడి పండితుల దగ్గర సంస్కృతం నేర్చుకున్నాడు. నేర్చుకుంటూ ఉంటే, ఈ మూడు భాషల క్రియలలోను, వ్యాకరణంలోను ఉన్న పోలికలు ఆయనను ఆశ్చర్యపరచినవి. 1786 ఫిబ్రవరి 2న ఏషియాటిక్ సొసైటీ సభలో మాట్లాడుతూ, ఇంత పోలిక కాకతాళీయం కాదనీ, ఇవన్నీ ఒకే మూలభాషనుంచి పుట్టి ఉండాలనీ, బహుశా ఆ మూలభాష ఇప్పుడు లేదనీ చెప్పాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. సంస్కృతంనుంచి ఇంగ్లీషు పుట్టిందని దీని అర్థం కాదు. సంస్కృతం తల్లీ కాదు, ఇంగ్లీషు కూతురూ కాదు. ఇద్దరూ ఒకే ముత్తవ్వ మునిమనమరాళ్ళు. ఆ ముత్తవ్వ రాత నేర్వలేదు, ఒక్క ముక్క కూడా రాసిపెట్టలేదు. మనమరాళ్ళ పోలికలు చూసి ఆమె రూపం ఇలా ఉండేదని పండితులు ఊహించగలిగారు.

మరొక జాగ్రత్త. రెండు మాటలు ఒకలా వినిపించినంతమాత్రాన చుట్టాలైపోవు. ‘బద్నాం’ అనే మాట మీరు వినే ఉంటారు. అందులోని ‘బద్’ పారశీక భాషది. ‘చెడ్డ’ అని అర్థం. ఇంగ్లీషులోనూ ‘బ్యాడ్’ అంటే చెడ్డ. కాని ఈ రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు, ఊరికే కలిసినవి. వీధిలో ఇద్దరు ఒకేరంగు చొక్కా వేసుకుంటే అన్నదమ్ములవుతారా?

మరి చుట్టరికానికి గుర్తు ఏమిటి? మార్పు ఒక పద్ధతిలో, మాట తరవాత మాటలో కనిపించాలి. సంస్కృతంలో ‘భ’ ఉన్నచోట ఇంగ్లీషులో ‘బ’ వస్తుంది: ‘భ్రాత’కు ‘బ్రదర్’, ‘భరించు’లోని ‘భర’కు ‘బేర్’, ‘భూ’కు ‘బీ’. ‘ప’ ఉన్నచోట ‘ఫ’ వస్తుంది: ‘పిత’కు ‘ఫాదర్’, ‘పాదం’కు ‘ఫుట్’. ‘ద’ ఉన్నచోట ‘ట’ వస్తుంది: ‘దశ’కు ‘టెన్’, ‘దంతం’కు ‘టూత్’. ఇలా వరసకట్టి వస్తేనే చుట్టరికం రుజువైనట్టు. జర్మనీ దేశపు జాకబ్ గ్రిమ్ ఈ వరసలను 1822లో వివరంగా ప్రకటించాడు. పిల్లల కథలు పోగుచేసిన గ్రిమ్ సోదరులలో పెద్దవాడు ఈయనే.

మరి మన తెలుగు?

పైన చెప్పిన ఆస్తి, నివాసం, భవిష్యత్తు మనం సంస్కృతంనుంచి తెచ్చుకున్న మాటలు. తెలుగు వంశం వేరు. 1816లో మద్రాసు కలెక్టరు ఎల్లిస్ ఈ సంగతి రుజువు చేశాడు. ఏ.డి. క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి పీఠికలో ఒక వ్యాసం చేర్చి, తెలుగు, తమిళ, కన్నడ భాషల ధాతువులు పోల్చి చూపి, ఇవి సంస్కృతంనుంచి పుట్టినవి కావనీ, ఇవన్నీ ఒక కుటుంబమనీ అన్నాడు. మీరే చూడండి: మన ‘రెండు’కు తమిళంలో ‘ఇరండు’, కన్నడంలో ‘ఎరడు’. మన ‘కన్ను’కు తమిళంలో ‘కణ్’, కన్నడంలో ‘కణ్ణు’.

వంశం వేరు గనుక మన పద్ధతీ వేరు. ‘హి ఈజ్ ఎ ఫార్మర్’ అనటానికి మనం ‘అతడు రైతు’ అంటాం. క్రియే లేదు! ‘నేను’ అయితే ‘నేను రైతును’. ‘నీవు’ అయితే ‘నీవు రైతువు’. ‘మేము’ అయితే ‘మేము రైతులము’. ఇంగ్లీషులో యామ్, ఆర్ చేసే పనిని తెలుగులో ‘ను’, ‘వు’, ‘ము’ అనే చిన్న తోకలు చేస్తున్నవి. కాబట్టి ఒక తెలుగు పిల్లవాడు ‘హి ఫార్మర్’ అని రాసి ‘ఈజ్’ మరిచిపోయాడంటే, వాడికి తెలివి లేక కాదు. తెలుగు వాక్యాన్ని చక్కగా కట్టి, దానికి ఇంగ్లీషు మాటలు తొడిగాడు.

కొన్నిచోట్ల మన భాషే ఎక్కువ ఖచ్చితం. ‘అతడు రైతు కాడు’, ‘అతడు ఇంట్లో లేడు’. ఈ రెండు సంగతులూ వేరు గనుక మనం రెండు మాటలు వాడతాం. ఇంగ్లీషులో రెండింటికీ ‘ఈజ్ నాట్’ ఒక్కటే. తెలుగు నేర్చుకునే ఇంగ్లీషువాడిని అడగండి, ‘కాదు’కూ ‘లేదు’కూ తేడా తెలియక వాడు ఎన్ని తిప్పలు పడతాడో!

చిక్కులు మనకూ ఉన్నవి. ‘ఉన్నాడు’ అన్నదానికి వ్యతిరేకం ‘లేడు’. చివరి ‘డు’ తప్ప ‘ఉన్నాడు’లోని ఒక్క అక్షరమైనా ‘లేడు’లో ఉన్నదా? ‘అయ్యాడు’, ‘అవుతాడు’, ‘కాడు’ మూడూ ఒకే క్రియ రూపాలు, మొహాలు కలిసినవా? అయినా రెండేళ్ళ పిల్ల కూడా వీటిని తప్పు లేకుండా అంటుంది. ఇంకొక పోలిక కూడా చూడండి. “మీరు ఎక్కడ ఉంటారు?” అంటే “ఎక్కడ నివసిస్తారు?” అని గదా అర్థం. ‘నివసించటం’, ‘ఉండటం’ రెండూ ‘ఉండు’లోనే ఇమిడినవి. ‘వస్’ నుంచి ‘వాజ్’ ఎలా వచ్చిందో తెలుసుకోవటానికి వేరే పుస్తకం అక్కరలేదు. మన ‘ఉండు’ చాలు.

చిక్కు ఎందుకు మిగిలింది?

ఆఖరు ప్రశ్న. ఇన్ని వందల ఏళ్ళలో ఎవరూ దీన్ని సరిచేయలేదేం? నిజానికి చాలా క్రియలు సరిపడినవి. ‘హెల్ప్’ అనే మాటకు భూతకాలం ఒకప్పుడు ‘హోల్ప్’. తరవాత అందరిలాగే ‘హెల్ప్డ్’ అయింది. తక్కువగా వాడే మాట రూపం జనం మరిచిపోతారు. మరిచిపోయినప్పుడు సూత్రం ప్రకారం కొత్త రూపం కడతారు. కాని ‘ఈజ్’, ‘వాజ్’ మరిచిపోవటానికి తీరిక ఏదీ? పొద్దున లేచినదగ్గరనుంచి వందసార్లు అంటారు. పిల్లలు సూత్రాలు నేర్వకముందే ఈ రూపాలు వాళ్ళ చెవిన పడతవి. రోజూ తిరిగే కాలిబాటలో గడ్డి మొలవదు. అందువల్ల పాత బాట పాతబాటగానే ఉండిపోయింది.

‘గో’కు భూతకాలం ‘వెంట్’ అయిన కథ కూడా ఇటువంటిదే. ‘వెంట్’ అసలు ‘వెండ్’ అనే వేరే క్రియకు భూతకాలం. ‘గో’కు ఉండిన పాత భూతకాల రూపం పదిహేనవ శతాబ్దం నాటికి వాడుక తప్పిపోగా, ఆ ఖాళీలోకి ‘వెంట్’ వచ్చి కూర్చున్నది.

కాబట్టి పిల్లలూ, ఏ భాషలోనైనా ఒక మాట సూత్రానికి లొంగకుండా ఉంటే దాన్ని తిట్టుకోకండి. అది పాతకాలపు మాట అయి ఉండవచ్చు. పదిమందికీ బాగా పనికివచ్చిన మాట అయి ఉండవచ్చు. నేర్చుకోవలసిన ఎనిమిది రూపాలు ఎలాగూ నేర్చుకోవాలి. అయితే యామ్, ఈజ్, ఆర్ ఒక వరస. వాజ్, వర్ ఒక వరస. బీ, బీయింగ్, బీన్ ఒక వరస అని మూడు గూళ్ళలో పెట్టుకోండి. ఎనిమిది వేరువేరు మాటలు మోయటంకంటె ఇది తేలిక.

తలిదండ్రులకు ఒక మాట. పిల్లవాడు “ఇది ఎందుకిలా?” అని అడిగినప్పుడు జవాబు మనకు తెలియకపోవచ్చు. “తెలుసుకుందాం” అంటే చాలు. “నోరుమూసుకుని చదువు” అంటే వాడు ఆ ప్రశ్నతోపాటు తరవాతి పది ప్రశ్నలూ మానేస్తాడు. మాట తప్పినందుకు మొద్దు అనిపించుకున్న పిల్లవాడు ఆ భాషలో నోరువిప్పటానికే భయపడతాడు. భయం పుట్టాక ఏ వ్యాకరణమూ తలకెక్కదు.

ఈ నెల అభ్యాసం:

1. అస్, వస్, భూ - ఈ మూడు ధాతువులనుంచి వచ్చిన తెలుగు వాడుకమాటలు, ఈ వ్యాసంలో లేనివి, ఒక్కొక్కదానికి మూడు చొప్పున రాయండి. ఇంట్లో పెద్దవారిని అడగవచ్చు.

2. ‘కాదు’ మాత్రమే వాడదగిన వాక్యాలు రెండు, ‘లేదు’ మాత్రమే వాడదగిన వాక్యాలు రెండు రాసి, తేడా ఏమిటో మీ చెల్లెలికో తమ్ముడికో అర్థమయ్యేటట్టు చెప్పండి. చెప్పగలిగితే మీకు బాగా తెలిసినట్టే.